ముసలమ్మ దిబ్బ

లియోకాదీ పుట్టిన ఏడాదే ఉర్‌వాల్ రేవుకు మూడు తెరచాప కొయ్యల ఓడ ఆఖరిసారి వచ్చిందని చెబుతారు. నిజమో కాదో నాకు తెలియదు. మా ఊళ్ళో ముసలివాళ్ళందరూ తాము పుట్టిన ఏడాదే ఏదో ఒకటి ఆఖరిసారి జరిగిందంటారు. ఓడలు కట్టిన ఇనుప కడియాలు మాత్రం రేవు గోడకు ఇప్పటికీ ఉన్నాయి. వాటి కింద ఉప్పుగడ్డిలో గొర్రెలు మేస్తుంటాయి.

ఊరిని చంపింది ఇసుక. సముద్రం రోజుకు రెండుసార్లు ఇసుక తెచ్చి అఖాతంలో పోస్తుంది. పూర్వం నది ఆ ఇసుకను తిరిగి తోసేసేది. తర్వాత రైలు కోసం అడ్డంగా కట్ట వేశారు. ఊరికి మంచి రోజులొస్తాయని చెప్పి వేసిన ఆ కట్టతో నదికి ఊపు పోయింది. ఎక్కడి ఇసుక అక్కడే మేట వేసింది. ఇప్పుడు నీళ్ళు తీసినప్పుడు సముద్రం కంటికి ఆనదు. పడమట ఒక తెల్లని గీత, అంతే. మిగతాదంతా బురద, ఇసుక, మధ్యలో పాముల్లా తిరిగే పాయలు.

ఊళ్ళో రెండు పేటలు. చర్చి పక్కన కొండవాలున ఉన్నది పడవపేట. అక్కడి మగవాళ్ళు ఇంకా లోతున్న ఒక్క పాయలోంచి పడవలు బయటకు తీసుకెళ్ళి చేపలు పట్టేవాళ్ళు. రేవు గోడ వెనక పల్లంలో ఉన్నది ఇసుకపేట. అక్కడి ఆడవాళ్ళు లంగాలు మోకాళ్ళ పైకి ఎగదోపి, ఉత్త కాళ్ళతో రెండు గంటలు నడిచిపోయి, పళ్ళగొర్రుతో ఇసుక గీరి గుల్లలు ఏరేవాళ్ళు. పడవపేట వాళ్ళు వీళ్ళను కొంగలనేవాళ్ళు. వీళ్ళు వాళ్ళను తడిపిర్రలోళ్ళు అనేవాళ్ళు. ఒకరి పేటలో ఒకరు పిల్లనిచ్చుకోవడం అరుదు. ఇచ్చుకున్నా పెళ్ళిలో ఏదో ఒక గొడవ లేకుండా పోయేది కాదు.

రెండు పేటలకూ అఖాతం ఒక్కటే గాని, అందులోని చోట్లను పిలిచే తీరు ఒక్కటి కాదు. దానికి ముసలమ్మ మంచి ఉదాహరణ. ముసలమ్మ అంటే ఒక దిబ్బ. గుల్లచిప్పలు పేరుకుని తెల్లగా, నడుం వంగినట్టు ఉండేది. పోటు చిన్నదైన వారాల్లో చుట్టూ నీళ్ళొచ్చినా దాని వీపు మునగదు. అయితే ఇసుకకు ఒకచోట ఉండే అలవాటు లేదు. ముసలమ్మ ఏడాదికి కొన్ని అడుగుల చొప్పున తూర్పుకు జరుగుతూ వచ్చింది. పద్దెనిమిది వందల డెబ్భై ఆరులో వచ్చిన తుఫానుకైతే ఒక్క రాత్రిలో చాలా దూరం జరిగింది. ఇసుకపేట ఆడవాళ్ళు కాళ్ళతో నడిచే మనుషులు. దిబ్బ ఎటు పోతే పేరును అటు తీసుకుపోయారు. పడవపేట మగవాళ్ళు గుర్తులు చూసి పడవ నడిపే మనుషులు. చర్చి గోపురం వెనక గాలిమర సరిగ్గా దాక్కునే చోటే వాళ్ళకు ముసలమ్మ, తాతల నాటి నుంచీ అంతే. దిబ్బ నడిచి వెళ్ళిపోయినా అక్కడ పడవ అడుగు తగిలే మెరక మిగిలింది. వాళ్ళకు కావలసింది అదే కాబట్టి పేరు అక్కడే ఉంచేశారు. ఈ రెంటి మధ్య మనిషి కాలినడకన వెళ్తే అరగంట పడుతుంది. దీనివల్ల ముప్పై ఏళ్ళ పాటు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఒక పేటవాళ్ళు ఇంకో పేటవాళ్ళను దారి అడిగిందే లేదు.

లియోకాదీ ఏడేళ్ళ వయసులో తల్లి వెంట ఇసుకలోకి దిగింది. పందొమ్మిదో ఏట బాతిస్త్‌ను చేసుకుంది. నలుగురు పిల్లల్ని కని ముగ్గుర్ని పాతిపెట్టింది. బాతిస్త్ దగ్గుతూ దగ్గుతూ మంచం మీదే పోయాడు. మంచం మీద పోయిన మగవాళ్ళు మా ఊళ్ళో తక్కువ కాబట్టి ఆమె అదృష్టవంతురాలని చెప్పుకున్నారు. మిగిలిన ఒక్క కొడుకు ఓనోరే గుల్లల గంపలను బండి మీద స్టేషనుకు చేరవేసేవాడు. నెమ్మదైన మనిషి. తల్లి నోటి ధాటికి ఆ ఇంట్లో ఇంకొకరు గట్టిగా మాట్లాడాల్సిన అవసరం ఉండేది కాదు.

ముప్పై రెండేళ్ళకే ఆమెను ముందుమనిషిని చేశారు. ఇసుకలోకి దిగే ప్రతి గుంపుకూ ఒక ముందుమనిషి ఉంటుంది. ఎప్పుడు దిగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో ఆమె చెబుతుంది. తలలు లెక్కపెట్టుకుని తీసుకెళ్ళి, అదే లెక్కతో తిరిగి తెస్తుంది. మా అఖాతంలో పోటు ఎదురుగా రాదు, ముందు పాయల్లోంచి వెనక్కి వస్తుంది. నువ్వు వంగుని గీరుకుంటూ ఉండగానే ఊరికీ నీకూ మధ్య నీళ్ళు నిండిపోతాయి. ఇరవై ఏళ్ళలో లియోకాదీ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఎదుటివాళ్ళు మరిచిపోతే గుర్తు చేసేది కూడా.

ఓనోరే పడవపేట పిల్లను చేసుకుంటానన్నప్పుడు ఆమె మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. పిల్ల పేరు ఎల్మీర్. సిప్రియాన్ అనే పడవ యజమాని ఒక్కగానొక్క కూతురు. సిప్రియాన్‌కు కొడుకులు లేక, అఖాతం గుర్తులన్నీ ఈ పిల్లకే నేర్పాడు. ఎల్మీర్ గట్టిగా నవ్వేది, గట్టిగా పాడేది, ఇంట్లో చెంబు ఎక్కడుందో చెప్పాలన్నా గుర్తులతోనే చెప్పేది.

"ఉప్పు డబ్బా ఎక్కడే?" అని అత్త అడిగితే, "కిటికీ మూల మీదికి పొగగొట్టం వచ్చేదాకా జరగండి అత్తా, అక్కడ చెయ్యి చాపండి" అనేది.

"నాకు పడవలు తోలడం రాదమ్మా, నువ్వే ఇటు పడెయ్" అనేది లియోకాదీ. అలా అంటూనే ఆ పిల్లను ఇష్టపడింది. ముగ్గురు పిల్లలు పోయిన ఇంట్లో నవ్వు వినపడటం ఆమెకు బాగుండేది. మనవరాలు నోయెలీ పుట్టాక ఆ ఇష్టం దాచుకోవడం కూడా మానేసింది.

నోయెలీకి పాలు మాన్పించాక, ఆ ఏటి శరదృతువులో ఎల్మీర్ అత్త వెంట ఇసుకలోకి దిగింది. అప్పుడే ఒక పూట గుల్లల పులుసు తింటూ ముసలమ్మ మాట వచ్చింది. ఎల్మీర్ చెంచా పక్కన పెట్టి గోపురం, గాలిమర అని చెప్పడం మొదలుపెట్టింది.

లియోకాదీ నవ్వింది. "అది మీ తడిపిర్రల ముసలమ్మే. మా ముసలమ్మకి కాళ్ళున్నాయి."

"అయితే మీ ముసలమ్మని చూపించండి. నాకు మా నాన్న ముసలమ్మ ఒక్కటే తెలుసు."

"ఆ వైపు వెళ్ళినప్పుడు చూపిస్తాలే. అదెక్కడికి పోతుంది?"

ఆ వైపు వెళ్ళాల్సిన పని రెండు నెలల పాటు పడలేదు. చూపించడమూ జరగలేదు.

పంతొమ్మిది వందల మూడు నవంబరులో ఒక మంగళవారం పొద్దున ఆరుగురు ఆడవాళ్ళు ఇసుకలోకి దిగారు. ఆకాశం తేటగానే ఉంది. ఓనోరే బండితో స్టేషనుకు వెళ్ళాడు. గుల్లలు బాగా పడ్డాయి, అందుకే కాస్త ఎక్కువసేపు ఉండిపోయారు. పదిన్నరకు సముద్రం వైపు నుంచి మంచు వచ్చింది. మామూలు మంచు కాదు. చేతిలోని గొర్రు కొన కూడా కనపడనంత చిక్కటిది. ఊళ్ళో చర్చి గంట మొదలైంది. మంచు పడితే గంట కొట్టడం మా ఊరి ఆచారం. ఇసుకలో ఉన్నవాళ్ళు చెవితో దారి చూసుకోవాలి.

లియోకాదీ ఊరి వైపు పాయ దగ్గరకు వెళ్ళి కాలు పెట్టి చూసింది. అప్పటికే తొడల దాకా నీళ్ళు, మంచి వడిగా లాగుతున్నాయి. ఇక ఇంటికి వెళ్ళే దారి లేదు. పోటు చిన్నదైన వారం కాబట్టి ముసలమ్మ మీదెక్కి కూర్చుంటే బతుకుతారు. క్లోతిల్డ్ అనే పెద్దావిడకు మిగతా ముగ్గుర్నీ అప్పగించి, "గంట కుడిచెవికి పెట్టుకుని నడవండి, ఆగకండి" అని పంపేసింది. ఎల్మీర్ ఒక్కతే పక్కపాయ అవతల గీరుతోంది. ఆ పాయలో కూడా నీళ్ళు తిరిగాయి. దాటి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావడం కుదరదు. అవతలి ఒడ్డు నుంచి కూడా ముసలమ్మకు దారి ఉంది, విడిగా నడిచి రావచ్చు.

"ఎల్మీర్!" అని అరిచింది.

"ఓయ్!" అని మంచులోంచి జవాబు వచ్చింది.

"పని ఆపు! గంప వదిలెయ్! ముసలమ్మ దగ్గరికి వెళ్ళిపో! నేనూ అటే వస్తున్నా!"

"ముసలమ్మ దగ్గరికేనా?"

"అవునే, ముసలమ్మ దగ్గరికే! తొందరగా!"

"సరే అత్తా!"

ఆ గొంతులో భయం లేదు. తనకు తెలిసిన చోటికి వెళ్ళమన్నారు కాబట్టి ఉండాల్సిన పనీ లేదు. లియోకాదీ వెనక్కి తిరిగి గంట కుడిచెవికి పెట్టుకుని నడిచింది. ఇరవై నిమిషాల్లో కాళ్ళ కింద గుల్లచిప్పలు తగిలాయి. క్లోతిల్డ్, మిగతా ముగ్గురు ఒకరినొకరు పట్టుకుని దిబ్బ మీద కూర్చుని ఉన్నారు. తలలు లెక్కపెట్టింది. తనతో కలిపి ఐదు.

వస్తుందిలే అనుకున్నారు. అరిచారు. గొర్రులు ఒకదానికొకటి కొట్టి చప్పుడు చేశారు. నీళ్ళు దిబ్బ చుట్టూ చేరాయి. అప్పుడు వినపడింది గొంతు. రావాల్సిన వైపు నుంచి కాదు, పడమటి నుంచి, సముద్రం వైపు నుంచి. చాలా దూరం నుంచి.

"అత్తా! నేను వచ్చేశా! మీరెక్కడ?"

క్లోతిల్డ్ గుండె మీద శిలువ గీసుకుంది. "వచ్చేశానంటుందేంటి? పిచ్చిమాటలు. భయానికి మతి పోయింది పాపం."

ఆ గొంతు పిచ్చిది కాదని ఈ లోకంలో లియోకాదీ ఒక్కదానికే తెలుసు. ఎల్మీర్ గంటను వీపుకు పెట్టుకుని తిన్నగా నడిచి, తండ్రి నేర్పిన చోటికి చేరింది. పడవ అడుగు తగిలే చోటు, మెరకే కదా అనుకుని ఉంటుంది. పడవకు అడ్డుపడే మెరక మీద పోటు వచ్చాక మనిషి మునిగేంత నీళ్ళుంటాయి. లియోకాదీ నీళ్ళలోకి దిగింది. నడుం దాకా వెళ్ళేసరికి కాలు నిలవలేదు. నలుగురూ కలిసి జుట్టు పట్టుకుని పైకి లాగారు.

"ఇటు రా! తూర్పుకి రా! గంట ఎదురుగా పెట్టుకో!" అని గొంతు చినిగిపోయేలా అరిచింది.

జవాబు వచ్చింది. ఈసారి గొంతులో భయం ఉంది. "నీళ్ళొస్తున్నాయి అత్తా! ముసలమ్మ దగ్గరే ఉన్నా! మీరు రండి!"

మళ్ళీ ఇంకోసారి "అత్తా!" అని మాత్రమే వినపడింది. ఆ తర్వాత గంట, నీళ్ళ చప్పుడు.

మంచు విడిచాక చదునుపడవ వచ్చి ఐదుగురినీ ఎక్కించుకుంది. పడవలో క్లోతిల్డ్ నెమ్మదిగా అంది: "పడవపేట పిల్ల కదమ్మా. ఇసుక తెలీదు. దారి తప్పింది." అందరూ లియోకాదీ వైపు చూశారు. ముందుమనిషి మాట కోసం చూశారు. ఆమె నోరు తెరవలేదు. ఆ క్షణంలో మాట పెగల్లేదంటే నేను నమ్ముతాను. తర్వాతి మూడేళ్ళ గురించి మాత్రం అలా చెప్పలేను.

మూడో రోజున గొర్రెల కాపరికి ఉప్పుగడ్డిలో ఎల్మీర్ దొరికింది. సమాధి దగ్గర ఫాదరు పెద్దల మాట వినని తొందరపాటు గురించి నాలుగు ముక్కలు చెప్పాడు. ఎవరిని ఉద్దేశించి చెబుతున్నాడో అందరికీ అర్థమైంది. సిప్రియాన్ టోపీ చేతిలో నలుపుతూ ఒక్కటే మాట అన్నాడు. "నా కూతురికి దారి తెలుసు. నేనే నేర్పాను." పడవపేట వాళ్ళు కూడా తలలు దించుకున్నారు. కూతురు పోయిన మనిషితో ఎవరు వాదిస్తారు?

ఆ పూట లియోకాదీ చెప్పి ఉండొచ్చు. ఓనోరే ఆమె పక్కనే నోయెలీని ఎత్తుకుని నిలబడ్డాడు. చెబితే కొడుకు తన మొహం చూడడు. రెండేళ్ళ పిల్లను తనకు వదలడు. వీటితో పాటు ఇంకొకటి కూడా ఉంది. ఇరవై ఏళ్ళ లెక్క తప్పలేదన్న పేరు. పిల్ల పోయిందన్న దుఃఖంలో కూడా ఆ పేరును చేతిలో గట్టిగా పట్టుకుంది. ఆమె మంచిదే, ఆ పిల్లను ప్రేమించింది కూడా. అయినా చచ్చినదాని మీద నింద ఉండనిచ్చి, తన పేరు కాపాడుకుంది. దీనికి నేను మెత్తటి మాట వెతకను.

మా ఊళ్ళో నోళ్ళు ఊరుకునేవి కావు. చలికాలం పోయేసరికి ఊళ్ళోకి కొత్త మాట వచ్చింది. బండి తప్పుదారి పడితే "ఎల్మీర్ దారి పట్టింది" అన్నారు. తాగి పక్కింటి తలుపు కొట్టినవాడిని "ఎల్మీర్ దారిలో వచ్చావా?" అన్నారు. మొదట్లో పక్కన ఓనోరే గాని, సిప్రియాన్ గాని ఉంటే అనేవాళ్ళు కాదు. రెండో ఏటికల్లా అదీ పోయింది. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. అసలు ఏ ఉద్దేశమూ లేకుండా అనేవాళ్ళు. అదే ఎక్కువ ఘోరం.

లియోకాదీ ఇసుకలోకి దిగుతూనే ఉంది. ముందుమనిషిగానే ఉంది. కాకపోతే ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా ఆ దిబ్బ పేరు ఎత్తలేదు. "తెల్లదాని దగ్గరికి" అనేది, లేకపోతే తానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ముసలితనం అనుకున్నారు. సిప్రియాన్ ఆదివారం చర్చి దగ్గర ఎదురుపడితే ఆమె చూపు తప్పించేది. కూతురి గురించి ఊరు అన్న మాటలు వినీ వినీ ఆ మనిషి పడవ అమ్మేశాడు. వల అల్లుకుంటూ గుమ్మంలో కూర్చునేవాడు.

నోయెలీకి ఐదేళ్ళు వచ్చాయి. ఒక పొద్దున చికోరీ కాఫీ కాస్తున్న లియోకాదీకి వెనక నుంచి పిల్ల గొంతు వినపడింది. పిల్లి గూట్లోకి దూరి బయటకు రాలేక తిరుగుతోంది. నోయెలీ దాని తోక పట్టుకుని పకపకా నవ్వుతోంది.

"ఎటు పోతున్నావే మొద్దూ? ఎల్మీర్ దారి పట్టావా?"

లియోకాదీ వెనక్కి తిరిగింది. "ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావు?"

"బడిలో. అందరూ అంటారు."

"ఎల్మీర్ ఎవరో తెలుసా?"

పిల్లకు ఇంట్లో ఎప్పుడూ "అమ్మ" అనే చెప్పారు, పేరు ఎవరూ పలకలేదు. "ఎవరో తెలివితక్కువావిడ" అంది.

కాఫీ పొంగి కుంపట్లో పడింది. లియోకాదీ దాన్ని తుడవలేదు. ఆ రోజు ఇసుకకు వెళ్ళలేదు. ఇన్నేళ్ళలో పోటు మంచిగా ఉండి, ఒళ్ళు బాగుండి ఆమె వెళ్ళని రోజు అదొక్కటే.

ఆ వారంలోనే రేవుల శాఖ నుంచి ఒక కొలతల మనిషి అఖాతానికి కొత్త పటం గీయడానికి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, బూట్లు శుభ్రంగా ఉన్నాయి. దిబ్బలు, పాయలు కొలుచుకోవడం అయ్యాక పేర్లు రాసుకోవడానికి రెండు పేటల పెద్దలనూ మేయరు కచేరీకి పిలిచాడు. పెద్ద బల్ల మీద పటం పరిచాడు. మొదటి గంట బాగానే గడిచింది. ముసలమ్మ వచ్చేసరికి గోల మొదలైంది.

పడవపేట నుంచి ఒకడు పటం మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ. గోపురం మీదికి గాలిమర వచ్చే చోటు" అన్నాడు.

క్లోతిల్డ్ ఆ వేలిని పక్కకు తోసింది. "అక్కడ ముసలమ్మ ఎక్కడుందిరా? ఉత్త నీళ్ళు! ముసలమ్మ ఇక్కడుంది, తెల్లగా, నా అంత లావున."

"మీ అంత లావున్న దిబ్బయితే నాకు కనపడేదే" అని ఎవరో వెనక నుంచి అన్నారు. అందరూ నవ్వారు.

కుర్రవాడు పెన్సిలు ఎత్తి పట్టుకున్నాడు. "దయచేసి ఒక చోటు చెప్పండి. పటంలో ఒకే పేరు రెండు చోట్ల రాయడం కుదరదు."

"మా ముందుమనిషిని అడగండి. ఆవిడకి తెలియని ఇసుక లేదు" అంది క్లోతిల్డ్.

లియోకాదీ గోడవార బెంచీ మీద కూర్చుని ఉంది. లేచి బల్ల దగ్గరకు వచ్చింది. పటం చదవడం ఆమెకు రాదు. కుర్రవాడు రెండు చోట్లా వేలు పెట్టి చూపించాడు. గదిలో తలుపు దగ్గర ఓనోరే నిలబడి ఉన్నాడు. కిటికీ పక్కన సిప్రియాన్ ఉన్నాడు, ఈ గొడవతో తనకేం పనిలేనట్టు బయటకు చూస్తూ.

"రెండున్నాయి బాబూ," అంది లియోకాదీ. "కొంగలకి ఒకటి, పడవలోళ్ళకి ఒకటి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోలేదు. నాకూ తెలుసు. నా కోడలికీ తెలుసు. మా ఇంట్లో పులుసు తింటూ నవ్వుకున్నాం. మాది చూపించమంది. చూపిస్తానన్నాను. చూపించలేదు."

గదిలో నవ్వు ఆగిపోయింది.

"ఆ రోజు మంచులో ముసలమ్మ దగ్గరికి వెళ్ళమని అరిచింది నేనే. ముసలమ్మ దగ్గరికేనా అని అది మళ్ళీ అడిగింది కూడా. అవునన్నాను. దానికి ఒక్క ముసలమ్మే తెలుసని నాకు తెలుసు కదా, అందుకని నేను ఆ ముసలమ్మనే చెబుతున్నా అనుకుంది. ఆ చోటికే వెళ్ళింది. మీలో ఎంతమంది వెళ్ళగలరు అంత మంచులో? ఒక్క అడుగు తప్పలేదు. వచ్చేశానని అరిచింది. క్లోతిల్డ్, నువ్వు విన్నావు. మతి పోయిందన్నావు. మతి పోలేదు. అది చెప్పింది నిజం. వచ్చేసింది. తప్పుచోటికి పంపింది నేను."

కిటికీ దగ్గర నుంచి సిప్రియాన్ తల తిప్పాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆమె అతని కళ్ళలోకి చూసింది.

"వియ్యపురాలా, ఇంకోసారి చెప్పు" అన్నాడు.

"ఏది?"

"ఆఖర్న చెప్పింది. తలుపు దగ్గరున్నవాళ్ళకి సరిగా వినపడలేదు."

లియోకాదీ మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. గట్టిగా, ఇసుకలో అరిచే గొంతుతో చెప్పింది. చెప్పడం అయ్యాక సిప్రియాన్ బెంచీ మీద కూలబడి, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో దుఃఖం కన్నా ఎక్కువ ఏదో ఉంది. మూడేళ్ళుగా నేనే తప్పు నేర్పానేమోనని ఆ తండ్రి తనను తాను తినేసుకుంటున్నాడని మాకు అప్పుడు తెలిసింది.

ఓనోరే తల్లి దగ్గరకు వచ్చాడు. "నీకు ఇది ఎప్పుడు తెలిసింది?"

"వచ్చేశా అన్నప్పుడే."

"పడవ ఎక్కేముందే?"

"ఎక్కేముందే."

ఓనోరే బయటకు వెళ్ళిపోయాడు. కుర్రవాడు పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి లియోకాదీయే పడవపేట చోటు మీద వేలు పెట్టింది. "ఇక్కడ రాయండి. మాదానికి వేరే పేరేదైనా పెట్టుకోండి." క్లోతిల్డ్ కూడా అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత లియోకాదీ పదకొండేళ్ళు బతికింది. ముందుమనిషి పని మర్నాడే వదిలేసింది. గుంపులో ఆఖరున నడిచేది. ఆమెను తిట్టినవాళ్ళు తక్కువ. మాట్లాడినవాళ్ళు ఇంకా తక్కువ. "ఎల్మీర్ దారి" అన్న మాట మా ఊళ్ళో ఆగిపోయింది. ఎవరైనా పొరపాటున మొదలుపెడితే పక్కవాళ్ళు మోచేత్తో పొడిచేవాళ్ళు. ఇది ఆమె సంపాదించిపెట్టినదే. దానికి ఆమె చెల్లించింది మాత్రం కచేరీ మాట తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున.

ఓనోరే పిల్లను తీసుకుని సిప్రియాన్ ఇంటికి మారిపోతానన్నాడు. కేకలు వేయలేదు, నిష్టూరమాడలేదు. ఆ ఇంట్లో అన్నం గొంతు దిగడం లేదన్నాడు. అంతే. బండి వాకిట్లో పెట్టి, లోపలికి రాకుండా గుర్రం పక్కనే నిలబడ్డాడు. లియోకాదీ నోయెలీ బట్టలు మూట కట్టింది. పిల్లను గడప మీద కూర్చోబెట్టి చెక్కబూట్లు తొడగడం మొదలుపెట్టింది. పిల్లకు అప్పటికి కథంతా చెప్పారు. ఎల్మీర్ ఎవరో తెలుసు.

"నోయెలీ, ఒక మాట చెబుతా విను. నిన్ను ఎవరైనా, ఎంత పెద్దవాళ్ళయినా సరే, ఎక్కడికైనా వెళ్ళమంటే, పేరు చెబితే వెళ్ళకు. వేలు పెట్టి చూపించమను. చూపిస్తేనే వెళ్ళు. గుర్తుంటుందా?"

పిల్ల తలూపింది. తర్వాత తన చూపుడువేలు మొహం ముందు పెట్టుకుని కాసేపు చూసుకుంది.

"మంచులో వేలు కనపడదు కదా మామ్మా?"

లియోకాదీ రెండో బూటు తొడగడం పూర్తి చేసింది.

"కనపడదు" అంది.